ఉడత కింద మనిషి

మధ్యాహ్నం ఆటకి ముందు. హాలు వెనక విరిగిన కుర్చీలు పేర్చిన గది, లోపల్నుంచి గడియ. కుస్తీ ప్రదర్శనలిచ్చే బావా బామ్మర్దులు ఇద్దరు; రింగులో బావ ఉడత, మంచివాడు, బామ్మర్ది తేలు, చెడ్డవాడు.

"జరగనంటే జరగను బావా. ఇంకేదైనా మాట్లాడు."

"జానెడు పక్కకి జరగమన్నానురా. దేశం విడిచి పొమ్మనలేదు."

"జానెడు కాదు, వెంట్రుకవాసి కూడా జరగను."

"మెల్లగా! గోడవతల జనం. ఉడతా తేలూ ఒకే గదిలో కూర్చుని ఒకే సీసాలో నీళ్ళు తాగుతున్నారని తెలిస్తే ఇద్దరి కడుపూ కాలుతుంది."

"తెలియనీ. నీ పగవాణ్ణి కాదు, నీ పెళ్ళాం తమ్ముణ్ణని మైకులో చెప్పేస్తా. పీడా పోతుంది."

"చెప్పు, చెప్పు. ఓనరు నిన్ను కాల్చుకు తింటాడు. ఇటు చూడు. నా మాట విను."

"విన్నాను. వినే వద్దన్నాను."

"సగమే విన్నావు. నేను నోరు తెరవగానే ‘జరగను’ అని మొదలుపెట్టావు."

"సరే, మొత్తం చెప్పు. నీ నోటితో చెప్పు. చెబుతుంటే నీకే తెలుస్తుంది ఎంత దరిద్రంగా ఉందో."

"చివర్లో నువ్వు వెల్లకిలా పడి ఉంటావు. నేను మూల స్తంభం ఎక్కుతా. జనం ఉడతా ఉడతా అని గోలపెడతారు. గాల్లో ఒక పల్టీ కొట్టి నీ మీద పడతా. రోజూ చేసేదేగా."

"రోజూ చేసేదాంట్లో నా పనేంటి?"

"నీకు తెలీదా?"

"చెప్పమంటున్నా."

"చేతులు పైకెత్తి నా పొట్టా తొడా అందుకుంటావు. నేను నిన్ను పచ్చడి చేసినట్టు కనబడుతుంది జనానికి. నిజానికి నువ్వు నన్ను మోస్తావు."

"ఆఁ. ఇవ్వాళ?"

"ఇవ్వాళ మొయ్యకు. నేను గాల్లో ఉండగా పక్కకి దొర్లిపో. అంతే."

"నువ్వు చెక్కల మీద పడతావు."

"చెక్కల మీద పరుపుంది."

"ఆ పరుపు సంగతి నాకు చెప్పకు. నా వీపుని అడుగు."

"మోకాళ్ళ మీద పడతా. మోకాళ్ళు పోతాయి. పోనీ."

"పోనీ అంటాడేంటి! అవేమన్నా చొక్కా గుండీలా, ఊడితే కుట్టించుకోడానికి?"

"గుండీలంటే గుర్తొచ్చింది. ఇటు చూడు. ఈ పై గుండీ పెట్టుకోలేకపోతున్నా. మీ అక్క పెడుతోంది పొద్దున్నే. చిన్నపిల్లాణ్ణి బడికి పంపినట్టు."

"ఎందుకని?"

"వేళ్ళకి స్పర్శ లేదు."

"ఎప్పట్నుంచి?"

"వానలకి ముందే మొదలైంది. మెడలో ఎముకలు అరిగిపోయి నరం మీద కూర్చున్నాయంట. డాక్టరు ఫొటో వెలుతురుకి పెట్టి చూపించాడు. మెట్లు దిగేటప్పుడు కూడా గోడ పట్టుకుని దిగమన్నాడు."

"ఆయనకి తెలుసా నువ్వు స్తంభమెక్కి దూకుతావని?"

"తెలుసు. వాళ్ళబ్బాయికి నా సంతకం కావాలన్నాడు."

"నవ్వకు బావా. ఓనరుకి చెప్పావా?"

"చెప్పాను. కుర్చీలోంచి లేచొచ్చి మరీ భుజం తట్టాడు. ‘అరుగుదల దెబ్బ కాదు ఉడతా, అది వయసు’ అన్నాడు. ‘రింగులో, జనం కళ్ళముందు దెబ్బ తగిలితే నువ్వు మా మనిషివి, ప్రాణం ఉన్నన్నాళ్ళూ చూసుకుంటాం. ఇంట్లో కూర్చుని మెడ నొప్పంటే నేనేం చెయ్యను?’ అన్నాడు."

"ఇంట్లో కూర్చునా!"

"ఇంట్లో కూర్చుని. ఆ మాటే అన్నాడు. నేను జీవితంలో ఇంట్లో కూర్చున్నది ఎప్పుడురా?"

"అందుకని జనం కళ్ళముందు కాళ్ళు విరగ్గొట్టుకుంటావు."

"మరేం చెయ్యను? ఇన్నేళ్ళు ఎముక అరుగుతుంటే ఒక్కడూ చూడలేదు. విరిగితే అందరూ చూస్తారు. అందరూ చూసినదాన్ని ఓనరు కాదనలేడు. మంచానికి మంచం, మందుకి మందు, ఇంటికి తిండి. మెడకి కూడా అప్పుడే వైద్యం చేయించుకుంటా."

"అయితే నువ్వే తప్పుగా పడు. నన్నెందుకు లాగుతావు ఇందులోకి?"

"పడ్డాను! పోయిన ఆటలో నీకు చెప్పకుండా పక్కకి దూకాను. ఏం చేశావు నువ్వు?"

"ఏం చేశాను?"

"దేక్కుంటూ వచ్చి మరీ పట్టుకున్నావు, దరిద్రుడా!"

"నీ కాలు జారిందేమో అనుకున్నా!"

"నువ్వు కింద ఉండగా నాకు దెబ్బ తగిలే రాత లేదు. అందుకే బతిమాలుతున్నా."

"ఇవ్వాళ అసలు ఎక్కకు బావా."

"ఏంటీ?"

"ఎక్కకు. కిందే ముగించు. ఒక్కటి లాగి చెంప మీద కొట్టు, అడ్డంగా పడిపోతా. చప్పుడొచ్చేలా కొట్టు కావాలంటే."

"జనం చెంపదెబ్బ చూడ్డానికొచ్చారా? చెంపదెబ్బలు వాళ్ళిళ్ళల్లో లేవా?"

"వచ్చే వారం చూసుకుందాం. ఇవ్వాళ్టికి మాత్రం వద్దు."

"ఇవ్వాళేంటి ప్రత్యేకం?"

"ఏం లేదు."

"ఇందాకట్నుంచి ఒకటే పాట. ఇవ్వాళ ఎక్కకు, ఇవ్వాళ ఎక్కకు."

"రింగు తాళ్ళు వదులుగా ఉన్నాయి."

"పొద్దున నేనే బిగించాను."

"నాకు ఒంట్లో బాలేదు."

"ఎద్దులా ఉన్నావు. ఏంట్రా, ఏం దాస్తున్నావు?"

"ఏం దాస్తాను. నాకు దాచుకోడానికేముంది? నువ్వు అడుగుతున్నది ఏంటో నీకు తెలీట్లేదు బావా. నేను రోడ్డు మీద నడిస్తే ఉమ్ముతారు. టీ బడ్డీవాడు గ్లాసు కింద పెట్టడు, విసురుతాడు. నీ కూతురు, నా సొంత మేనకోడలు, టీవీలో నా మొహం మీదికి చెప్పు విసిరింది."

"చిన్నపిల్లరా. అప్పటికి దానికి తెలీదు నువ్వు మామయ్యవని."

"తెలిశాక ఏం చేసింది? రెండో చెప్పు కూడా విసిరింది!"

"అది నిజమే."

"మా అక్క పెళ్ళి. ఒక్క ఫొటోలో లేను నేను. వంటవాళ్ళ గుమ్మం దగ్గర నెత్తిన తువ్వాలు కప్పుకుని చూశాను. అభిమానులొస్తారు, తేలు కనబడితే ఉడత పరువు పోతుందన్నారు. పాప పుట్టినప్పుడు ఆస్పత్రి కిటికీ బయట నిలబడ్డా. అక్క అద్దం దగ్గరికి పట్టుకొచ్చి చూపించింది. అన్నీ సరేనన్నాను. ఎందుకు సరేనన్నాను?"

"పని అది. రూలు అది."

"కాదు. నాకొకటుంది కాబట్టి. నా మీద పడ్డవాడు ఎవడూ దెబ్బ తగిలించుకుని లేవలేదు. లావువాడు, సన్నవాడు, తాగొచ్చినవాడు, ఎవడూ. అది జనానికి తెలీదు, టీ బడ్డీవాడికి తెలీదు. నాకు తెలుసు. ఆ ఒక్కటీ తీసెయ్యమంటున్నావు నువ్వు."

"నా కోసం కూడా తీసెయ్యవా?"

"అలా అడక్కు."

"నన్ను ఇందులోకి లాక్కొచ్చింది ఎవరు? నువ్వే కదా."

"నేనే. గోదాము దగ్గర లారీ మీంచి బస్తాలు దింపుతున్నావు. పని అయిపోయింది, దిగాలి. అందరూ చక్రం మీద కాలేసి దిగారు. నువ్వు మాత్రం గాల్లో వెనక్కి గిర్రున తిరిగి కింద నిలబడ్డావు. అంత భారీ మనిషివి, చప్పుడు లేదు. నా చేతిలో సోడా కారిపోతోంది, నేను చూసుకోలేదు."

"కూలీలతో పందెమది. ఒక్క సిగరెట్టు."

"కుస్తీ గురువుగారి దగ్గరికి పరుగున వెళ్ళాను. ఏమన్నాడాయన?"

"‘లావుపాటివాడు ఎగరలేడు, ఎగిరేవాడు లావుండడు, రెండూ ఒకడే అయితే వాణ్ణి వదలకండిరా’ అన్నాడు. వదల్లేదు. అప్పట్నుంచీ మేపారు. పొద్దున లేస్తే గుడ్లు, మాంసం, పాలు, మళ్ళీ గుడ్లు. ఒకసారి మోకాలు లాగుతోందని తిండి తగ్గించాను, నీకు జ్ఞాపకముందా?"

"కాస్త తేలిగ్గా కనబడ్డావు."

"ఓనరు మొహం మాడ్చుకున్నాడు. ‘సన్నగా ఉన్నవాడు ఎగిరితే ఎవడు చూస్తాడు? పిట్టలు రోజూ ఎగురుతున్నాయి, వాటికి టిక్కెట్టు కొంటున్నారా?’ అన్నాడు. ఆ రోజు మీ అక్క ఏడుస్తూ వండింది, నేను ఏడుస్తూ తిన్నాను. బరువు తగ్గితే అన్నం పోతుంది, పెరిగితే ఒళ్ళు పోతుంది. ఇదీ నా బతుకు."

"ఛాంపియన్ బెల్టు కూడా గెలిచావుగా."

"ఇచ్చారు. ఓనరు అల్లుడికి కావాల్సొచ్చింది, తీసుకున్నారు. ఆ ఆటలో ఆ అల్లుడిగాడి పిడికిలి తగలకముందే నేను పడిపోయాను, అంత తొందర పెట్టారు. ముందు వరసలో ఒక ముసలాయన లేచి ‘ఉడతా, లేవయ్యా, నువ్వు పడలేదు, నేను చూశాను’ అని ఏడ్చాడు. నాకు లేవాలనే అనిపించింది."

"నాకూ అనిపించింది తెర వెనక. వాణ్ణి లాగి తన్నాలని."

"తన్నాల్సింది. ఎలాగూ చెడ్డవాడివేగా."

"బావా, అక్కకి చెప్పావా ఈ సంగతి?"

"పిచ్చా? మీ అక్కకి చెబితే స్తంభానికి అడ్డంగా వచ్చి నిలబడుతుంది. మొదటి ఆట నుంచి ఇప్పటిదాకా నేను దూకుతుంటే ఒక్కసారి కళ్ళు తెరిచి చూడలేదు మనిషి. తెర పట్టుకుని, నేను లేచానని ఎవరైనా చెప్పేదాకా అలా నిలబడే ఉంటుంది. దానికి చెప్పేదేముంది? కాలు విరిగాక ఎలాగూ తెలుస్తుంది."

"నీళ్ళ సీసా ఇలా ఇవ్వు."

"ఏంట్రా, అక్క మాటెత్తితే మొహం తిప్పేసుకుంటావు?"

"ఏం లేదు. అక్క ఇవ్వాళ వచ్చిందా హాలుకి?"

"వచ్చింది. ఎప్పుడు రాలేదని? చెప్పు, జరుగుతావా?"

"జరిగితే నువ్వు చచ్చిపోతావు."

"మోకాళ్ళు పోతే ఎవడూ చావడు."

"మోకాళ్ళ మీద పడితేగా! పోయిన ఆటలో పక్కకి దూకానన్నావు, నీ ఒళ్ళు నా చేతులకి ఎలా తగిలిందో తెలుసా? కట్టెలా బిగుసుకుపోయింది. కింద మనిషి లేడని నీ బుర్రకి తెలుసు, అది ఒంటికి చెప్పేసింది. సగమే తిరిగావు. నేను అందుకోకపోతే ముందు తగిలేది మోకాళ్ళు కాదు."

"మరి?"

"నెత్తి. బరువంతా ఆ మెడ మీదే. మన గడ్డం కుర్రాడు రింగులో దూకి ఎలా పోయాడు? చెప్పు."

"కింద ఉన్నవాడు కొత్తవాడు."

"కిందవాడు అక్కడే ఉన్నాడు బావా. నేను అంచునే నిలబడి చూశాను. ఉన్నాడో లేడో అని వీడికి గాల్లో అనుమానం వచ్చింది. తల దించి చూసుకున్నాడు. అంతే. అనుమానం లేకుండా దూకితే ఒళ్ళు దానంతటదే పూర్తిగా తిరుగుతుంది. కింద ఎవడూ లేడని తెలిసి దూకితే తిరగదు. నీ ఒళ్ళైనా అంతే."

"అయితే నాకు దారి లేదన్నమాట."

"ఇవ్వాళ ఎక్కకు. రేపు ఇద్దరం ఓనరు దగ్గరికి పోదాం. నేను కూడా వస్తా. కాళ్ళు పట్టుకుందాం."

"తేలు వచ్చి ఉడత కోసం కాళ్ళు పట్టుకుంటే ఫొటోకి బాగుంటుంది."

"ఫొటో తీసుకోనీ."

"ఆయన కాళ్ళు పట్టుకుని ఇదివరకే చూశానురా. బూట్లు బాగున్నాయి."

"బావా..."

"సరే. వదిలెయ్. నేనడిగింది మర్చిపో. జరగకు."

"ఏమన్నావు?"

"జరగకు. మామూలుగా పట్టుకో. ఆ గడ్డం కుర్రాడి తల్లి మొహం చూశాను నేను. మీ అక్కకి అది వద్దు. ఈ మెడ ఎన్నాళ్ళొస్తే అన్నాళ్ళు. నిన్ను అడగాల్సింది కాదు, బుద్ధి గడ్డి తిన్నది. ఏమనుకోకు."

"అయితే ఎక్కవు కదా?"

"ఎందుకెక్కను? ఎక్కుతా. ఇవ్వాళ బాగా ఎగరాలని ఉంది. నీకు తెలుసో లేదో, పైన నిలబడ్డప్పుడు నాకు నొప్పి ఉండదు. మెడ లేనట్టే ఉంటుంది. కళ్ళు మూసేసుకుని దూకుతాను."

"కళ్ళు మూసుకునా?"

"ఎప్పుడూ అంతే. నువ్వున్నావుగా, చూడ్డమెందుకు? ఈ బూటు తాడు కట్టు, నా వేళ్ళు పలకట్లేదు."

"ఇలా ఇవ్వు."

"ఇన్ని ముడులెందుకేస్తున్నావు?"

"ఊడకుండా."

"రోజూ ఒక్కటేగా వేసేది? నువ్వు మరీ ఇదైపోతున్నావు. లే. నేను ముందు గుమ్మంలోంచి వెళ్తా, నువ్వు కాసేపాగి వెనక నుంచి రా. ఎదురుపడితే నన్ను బూతులు తిట్టు."

"బావా, ఒక్కమాట..."

"అయ్యాక చెబుదువుగానిలే."

*

"వెళ్ళారా?"

"అక్కా! ఎప్పుడొచ్చావు?"

"ఆ వెనక తలుపు అవతలే ఉన్నాను. మెల్లగా మాట్లాడటం మీ ఇద్దరికీ ఎప్పుడొచ్చు గనక?"

"మొత్తం విన్నావా?"

"మొత్తం."

"ఇంకేం మరి. పొద్దున నువ్వు జరగమని అడిగావు, ఆయనా అదే అడిగాడు. మళ్ళీ ఆయనే వద్దన్నాడు. నీకిచ్చిన మాట ఇంక..."

"ఇంక ఏంటి?"

"వదిలేద్దాం అక్కా."

"నా తల మీద చెయ్యేసి ఒట్టేశావు."

"వేశాను. నువ్వు ఏడుస్తుంటే వేశాను. ఎక్కొద్దని ఎంత చెప్పానో విన్నావుగా? నిన్నూ నొప్పించకుండా, ఆయన్నీ పడెయ్యకుండా ఏదో ఒకటి అవుతుందని చూశాను. ఆయన వినట్లేదు."

"వినరు. నేను పెళ్ళైన నాటి నుంచీ చెబుతున్నాను, విన్నారా? ఇవ్వాళ నువ్వు జరగకపోతే వచ్చే వారం ఎక్కుతారు. ఆ పైవారం ఎక్కుతారు. నిన్న స్నానాల గదిలో నేల మీద ఉన్నారు. మెడ పట్టేసి, నన్ను పిలవడానికి గొంతు రాలేదు. కొళాయి పారుతూనే ఉంది. నీళ్ళు తలుపు కింద నుంచి వస్తే చూశాను. ఏమైందంటే కాలు జారిందన్నారు."

"నాకు చెప్పలేదు."

"నాకే చెప్పనివారు నీకు చెబుతారా? ఆయన మెడ విరిగి నా ఒళ్ళో పడితే నేను తట్టుకోలేను. కాళ్ళు పోయి కుర్చీలో కూర్చుంటే తట్టుకుంటాను. స్నానం చేయిస్తాను, తినిపిస్తాను, తిట్టించుకుంటాను. ఆయన బతికుంటే చాలు, ఎలా ఉన్నా సరే."

"నేను ఆయనతో జరగనన్నాను అక్కా. అది నాటకం కాదు. అన్న ప్రతిమాటా నిజం."

"తెలుసు. నీకు అబద్ధం చెప్పడం వస్తే ఆయన నమ్మేవారు కాదు."

"కళ్ళు మూసుకుని దూకుతాడంట. నేనున్నానని. నీకు తెలుసా అది?"

"ఇప్పుడే విన్నాను."

"విని కూడా జరగమంటావా?"

"విన్నాను కాబట్టే అంటున్నాను. కింద నువ్వు లేవని తెలిస్తేనే కదా ఒళ్ళు బిగుసుకుంటుందన్నావు? ఆయనకి తెలియదు తమ్ముడూ. ఇవ్వాళ నిన్ను ఎప్పుడూ నమ్మనంతగా నమ్మి ఎక్కుతున్నారు. పూర్తిగా తిరుగుతారు, మోకాళ్ళ మీదే పడతారు. వెళ్ళు, నీ పేరు పిలుస్తున్నారు."